క్లచ్ వదలట్లేదా? గేర్ బాక్స్ దించే ముందు స్కేలు తీయండి



ఇయ్యాల పాత కార్లకు వచ్చే ఒక్కటే రోగం గురించి మాట్లాడుకుందాం. బండి స్టార్ట్ అయితది, ఇంజన్ మంచిగనే తిరుగుతది. క్లచ్ పెడల్ నేలకు ఆనేదాకా తొక్కుతరు. గేర్ వేయబోతే ‘కర్ర్’మంటది. గట్టిగా నూకితే పడతది గానీ, పెడల్ మీద కాలు ఉండంగనే బండి ముందుకు పాకుతది. క్లచ్ పూర్తిగా వదలకపోవడం అంటే ఇదే. ‘క్లచ్ కట్ అయితలేదు’ అని మెకానిక్ అన్నలు చెప్పేది కూడా దీని గురించే.

చిన్న విషయమే కదా అనిపిస్తది. కానీ దీనివల్ల మంచి మంచి బండ్లు తుక్కుకు పోతున్నయి. ఎట్లంటే, గేర్ అరవంగనే ఎవరో ఒకరు ‘గేర్ బాక్స్ పోయింది’ అంటరు. అంబాసిడర్ అయితే ఇంకా భయం. 1950ల చివర్లో మొదలైన ఆ బండి తయారీ 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే సంవత్సరం ఆగింది. సామాను దొరుకుతదో లేదో, కూలీ ఎంతైతదో అని ఇంట్లో లెక్కలేస్తరు. ‘బండి ధర కంటే ఖర్చే ఎక్కువ, అమ్మేద్దాం’ అంటరు. తాత కొన్న బండి, బాపు డ్రైవింగ్ నేర్చుకున్న బండి, అక్క పెండ్లికి తిరిగిన బండి ఇనుము తూకానికి పోతది.

ఈ మధ్య ఇదే లక్షణంతో మూడు బండ్లు చూసిన. ఒకటి జగిత్యాలలో, ఒకటి కోరుట్లలో, ఒకటి సిరిసిల్లలో. మూడూ ఒక్క తీరుగనే అరుస్తున్నయి. కారణాలు మాత్రం మూడు వేరు. నిజంగా గేర్ బాక్స్ దించాల్సి వచ్చింది ఒక్కదానికే. ఆ మూడింటినీ వరుసగా చెప్తా. దానికి ముందు, అసలు క్లచ్ ఏం చేస్తదో చూద్దాం.

సిరిసిల్లలో సాంచా నడవడం చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమైతది. మోటర్ తిరుగుతనే ఉంటది. పోగు తెగితే హ్యాండిల్ పక్కకు పడి సాంచా ఆగుతది, మోటర్ మాత్రం ఆగదు. కారులో ఇంజన్ ఆ మోటర్ అనుకోండి, గేర్ బాక్స్ ఆ సాంచా. రెండింటి మధ్య సంబంధాన్ని తెంపేది క్లచ్. హ్యాండిల్ తీసినా సాంచా కొంచెం కొంచెం కదులుతుంటే పోగు ముడి వేయగలరా? గేర్ కూడా అంతే. లోపలి షాఫ్ట్ ఆగితేనే నెమ్మదిగా పడతది.

లోపల ఏముంటదంటే, ఇంజన్ వెనుక ఫ్లైవీల్, దానికి ఆనుకొని క్లచ్ ప్లేట్, ఆ ప్లేట్‌ను స్ప్రింగుల బలంతో ఒత్తిపట్టే ప్రెషర్ ప్లేట్. మనం పెడల్ తొక్కితే ఒక ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను ముందుకు తోస్తది. ఆ బేరింగ్ ప్రెషర్ ప్లేట్ ఫింగర్లను నొక్కితే ప్రెషర్ ప్లేట్ వెనక్కి జరిగి, మధ్యల ఉన్న క్లచ్ ప్లేట్ విడుదలైతది.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పెడల్ కదిలేది దాదాపు 12 నుంచి 15 సెంటీమీటర్లు. దానికి ప్రెషర్ ప్లేట్ జరిగేది సుమారు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లే. అంత పెద్ద కదలికను ఇంత చిన్నగా మారుస్తరు కాబట్టే మన కాలి బలం ఆ స్ప్రింగులకు సరిపోతది. అందుకే దారిలో ఎక్కడన్నా కొంచెం కదలిక పోయినా చివరికి ప్లేట్ వదలదు. ఆ కదలిక ఎక్కడ పోతుందో వెతకడమే మన పని. మొత్తం వీడియోలో నేను చెప్పేది ఇదొక్కటే.

ఇంకొకటి. క్లచ్ స్లిప్ కావడం, క్లచ్ వదలకపోవడం రెండూ ఒకటి కాదు, ఒకదానికొకటి రివర్స్. కొండగట్టు ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తది గానీ బండి ముందుకు పోదు, అది స్లిప్. ప్లేట్ అరిగితే అట్ల అయితది. మనం మాట్లాడుకునేది ప్లేట్ పట్టు విడవకపోవడం. చాలామంది రెండింటికీ ఒక్కటే మందు వాడతరు, కొత్త ప్లేట్ వేయిస్తరు. డబ్బులు పోతయి, గేర్ మళ్లీ అరుస్తది.

సరే, రోగం ఇదేనా కాదా అని ఎట్ల తెలుసుకోవాలె? ఎదురుగ ఎవరూ లేని, సమంగా ఉన్న జాగాలో బండి పెట్టండి. ఇంజన్ వేడి కానివ్వండి. ఐడిల్ ఎక్కువ ఉంటే ముందు దాన్ని తగ్గించండి, ఎందుకంటే ఐడిల్ ఎక్కువున్నా గేర్ అరుస్తది. ఇప్పుడు న్యూట్రల్‌లో పెడల్ ఫుల్లుగా తొక్కి 10 సెకన్లు ఆగండి. తర్వాత నెమ్మదిగా రివర్స్ వేయండి. ఆగినంక శబ్దం లేకుండా పడితే క్లచ్ బాగనే ఉన్నట్టు. 10 సెకన్లు ఆగినా అరిస్తే క్లచ్ వదలట్లేదు.

ఆగకుండా వేస్తే అరవడం పాత బండ్లలో మామూలే. పాత పెట్రోల్ అంబాసిడర్ నాలుగు గేర్ల బాక్స్‌లో ఫస్ట్ గేర్‌కు కూడా సింక్రో ఉండదు. అది రోగం కాదు, బండి స్వభావం. ఇంకో తేడా కూడా చూడండి. నిలబడ్డప్పుడు రివర్స్ మంచిగ పడి, నడుస్తుంటే సెకండో థర్డో మాత్రమే అరిస్తే అది క్లచ్ కాదు, ఆ గేర్ సింక్రో అరిగింది.

ఇప్పుడు మొదటి బండికి వద్దాం. జగిత్యాలలో ఒక రిటైర్డ్ సారుది. ఏపీ 15 నంబర్ అంబాసిడర్, అంటే పాత కరీంనగర్ జిల్లా రిజిస్ట్రేషన్. ‘తమ్మీ, బయలెల్లేటప్పుడు మంచిగనే ఉంటది. చౌరస్తాల ఆగితే పెడల్ మీద కాలు ఉండంగనే ముందుకు పోతుంది. ముందట స్కూల్ పిల్లలు ఉంటే పానం ఆగినట్టైతది’ అన్నడు. అప్పటికే ఒక దగ్గర ప్లేటు, గేర్ బాక్స్ పని రెండూ కలిపి చెప్పిన్రట.

నేను ముందు చూసింది కాలి కింద. ఒకదాని మీద ఒకటి రెండు మ్యాట్లు ఉన్నయి. నవ్వకండి, మందం మ్యాట్ ఉంటే పెడల్‌కు రెండు సెంటీమీటర్లు అక్కడనే పోతయి. మ్యాట్ తీసినంక కొంచెం నయమైంది గానీ పూర్తిగా కాలేదు. తర్వాత పెడల్‌ను రాడ్‌కు కలిపే పిన్ను చూసిన. పిన్ను సన్నబడినా, దాని రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగినా కదలిక పోతది. ఆ బండికి అవి బాగనే ఉన్నయి.

అంబాసిడర్ క్లచ్ హైడ్రాలిక్. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను తోస్తది, ఆ ఆయిల్ పైపులో పోయి గేర్ బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ రాడ్‌ను తోస్తది. ఆ రాడ్ ఫోర్క్‌ను కదిలిస్తది. మన లెక్కంతా ఆ స్లేవ్ రాడ్ దగ్గర తేలుతది. అదే బార్డర్. రాడ్ సరిపోయినంత కదిలితే తప్పు లోపల ఉంది. కదలకపోతే తప్పు బయట ఉంది, గేర్ బాక్స్ జోలికి పోవద్దు.

దీన్ని కొలవడానికి మీ జేబులో ఉన్న ఫోన్ చాలు. ఇంజన్ ఆపండి, చక్రాలకు ముందు వెనుక రాళ్లు పెట్టండి. స్లేవ్ రాడ్ పక్కన ఒక స్టీల్ స్కేలు కట్టి, ఫోన్‌ను వీడియో ఆన్ చేసి కింద పెట్టండి. పైకొచ్చి పెడల్ ఫుల్లుగా తొక్కి 20 సెకన్లు పట్టుకోండి. తర్వాత వీడియో ఆపుకుంటూ చూడండి. ఇలాంటి పాత హైడ్రాలిక్ బండ్లకు రాడ్ దాదాపు 12 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం దాకా కదలాలె. మీ బండి మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే దాన్నే నమ్మండి.

సారు బండి వీడియోలో ఏం కనబడిందంటే, తొక్కంగనే రాడ్ 12 దాకా పోయింది. కానీ పెడల్ అట్లనే పట్టుకుంటే మెల్లగ వెనక్కి జరుగుతుంది. 20 సెకన్లకు 7 మిల్లీమీటర్లకు వచ్చింది. బయట ఎక్కడా తడి లేదు. అంటే ఆయిల్ బయటికి కారట్లేదు, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీల్ దాటి వెనక్కి పోతుంది. చౌరస్తాలో బండి పాకడానికి కారణం అదే. సీల్ కిట్ మార్చి, ఎయిర్ తీసినం. అంతే పని. సిలిండర్ లోపల గోడకు గుంటలు పడితే కిట్ ఎక్కువ రోజులు ఆగదు, అప్పుడు సిలిండర్ మార్చుడే మంచిది.

ఇంకో సులువైన టెస్ట్ కూడా ఉంది. పెడల్‌ను రెండు మూడుసార్లు కొట్టి తొక్కితే గేర్ మంచిగ పడుతుందా? అయితే లైన్‌లో గాలి ఉంది, లేదంటే మాస్టర్ బలహీనమైంది. ఎన్నిసార్లు కొట్టినా తేడా లేకపోతే రాడ్లు, పిన్నులు, లోపలి పార్టుల వైపు చూడాలె. స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ కొంచెం ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే స్లేవ్ సీల్ పోయింది. ఎవరన్నా పెడల్ తొక్కుతుంటే రబ్బరు హోస్ వైపు చూడండి. బెలూన్ లెక్క ఉబ్బితే మన కదలిక ఆ ఉబ్బులో పోతుంది.

గాలి తీయడం ఇట్ల. స్లేవ్ మీద చిన్న నిప్పుల్ ఉంటది. దానికి సన్న ప్లాస్టిక్ పైపు తొడిగి, రెండో కొన బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలె. కింద ఉన్నవాళ్లు పానాతో నిప్పుల్ కొంచెం విప్పి, బుడగలు వచ్చినంక బిగించాలె. బిగించినంకనే పెడల్ వదలాలె, ముందు వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతది. బుడగలు ఆగేదాకా చేయండి, మధ్యమధ్యల పైన డబ్బాలో ఆయిల్ పోస్తుండండి. మాన్యువల్‌లో చెప్పిన రకం బ్రేక్ ఆయిలే పోయాలె, మామూలుగా డాట్ 3. ఇంజన్ ఆయిల్ అసలే పోయొద్దు, రబ్బర్లన్నీ ఉబ్బి పాడైతయి. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తది, కండ్లల్లో పడకుండా చూసుకోండి.

రెండో బండి కోరుట్లలో. మన జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నట్టే ఉంటది కదా. ఈ అన్న కూడా మస్కట్‌లో ఉంటడు. మారుతి 800ను పరదా కప్పి చెట్టు కింద పెట్టి పోయిండు. మూడేండ్లకు సెలవు మీద వచ్చిండు. కొత్త బ్యాటరీ వేస్తే స్టార్ట్ అయింది, గేర్ మాత్రం ఒక్కటి కూడా పడదు. ‘రెండు నెలల సెలవు తమ్మీ. ఇప్పుడు దీన్ని రిపేర్ చేయించాల్నా, అమ్మి పోవాల్నా?’ అని అడిగిండు.

మారుతి 800కు హైడ్రాలిక్ ఉండదు, కేబుల్ ఉంటది. కేబుల్ తీగలు తెగినయా, జామ్ అయిందా చూడాలె. గేర్ బాక్స్ మీద కేబుల్ లాగే ఆర్మ్‌కు కొంచెం లూజ్ ఉండాలె, సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్లు. లూజ్ ఎక్కువైతే క్లచ్ వదలదు. అసలే లేకుండా బిగిస్తే బేరింగ్ అరుగుతది, ప్లేట్ స్లిప్ అయితది. అందుకే నట్టును ఇష్టమొచ్చినట్టు బిగించుకుంట పోవద్దు.

ఆయన బండికి కేబుల్ బాగుంది, ఆర్మ్ ఫుల్లుగా కదులుతుంది. మన లెక్క ప్రకారం తప్పు లోపలే. కానీ బండి చరిత్ర కూడా వినాలె. మూడు వానకాలాలు కదలకుండా ఉంది. అట్ల ఉన్నప్పుడు ఫ్లైవీల్‌కు తుప్పు పట్టి క్లచ్ ప్లేట్ దానికి అతుక్కుంటది. చాలా రోజులు వాడని ట్రాక్టర్‌కు కూడా ఇదే అయితది, రైతులకు తెలుసు.

కన్ఫర్మ్ చేసుకునేది ఇట్ల. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో ముందు బండిని తోయండి, చక్రాలు ఫ్రీగా ఉన్నయా తెలుస్తది. తర్వాత సెకండ్ గేర్ వేసి, ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే, మళ్లీ తోయండి. క్లచ్ వదిలితే న్యూట్రల్‌లో లెక్క కదలాలె. ఇది కదలలేదు.

అప్పుడు కూడా గేర్ బాక్స్ దించలేదు. న్యూట్రల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి, గాలి ఆడే జాగాలో 20 నిమిషాలు వేడి చేసినం. ఆపినంక పెడల్ ఫుల్లుగా నొక్కి, పెడల్‌కు సీటుకు మధ్య ఒక కట్టె బిగించి రాత్రంతా వదిలేసినం. రెండో రోజు రాత్రి కూడా అదే చేసినం. మూడో రోజు పొద్దున తోస్తే లోపల ‘టక్’మంది, బండి కదిలింది. మొదటి రోజు కొంచెం వణికింది. నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపేసరికి తుప్పు రాలి సాఫ్ అయింది.

అందరికీ ఇట్లనే వదులుతదని చెప్పను. కొన్నిసార్లు ప్లేట్ లైనింగ్ ఊడి వస్తది, అప్పుడు దించక తప్పదు. కానీ చక్రాలు జాకీ మీద లేపి, గేర్‌లో స్టార్ట్ చేసి, బ్రేక్ కొట్టి విడిపించే పద్ధతి మాత్రం ఇంటి దగ్గర చేయకండి. బండి జాకీ మీద నుంచి జారి గోడలోకో మనిషి మీదికో పోతది. ఇంకో మాట, మూడేండ్లు నిలబడ్డ బండికి క్లచ్ కంటే ముందు బ్రేకులు చూడాలె. బ్రేక్ పనిచేస్తుందని తేలినంకనే రోడ్డెక్కండి.

గల్ఫ్‌కు పోయే అన్నలకు ఒక మాట. ఇంట్ల తమ్మునికో బావకో చెప్పి పోండి. 15 రోజులకోసారి స్టార్ట్ చేసి, క్లచ్ పది సార్లు తొక్కి, కొంచెం దూరం నడపమనండి. పరదా కప్పడం కంటే అదే బండికి ఎక్కువ కాపాడుదల.

మూడో బండి సిరిసిల్లలో. అంబాసిడర్. దీనికి అప్పుడే కొత్త క్లచ్ ప్లేట్ వేసిన్రు. వేసిన రోజు నుంచే గేర్ పడట్లేదు. ఓనర్ సాంచాల ఖార్ఖానాలో పనిచేసే ఆయన, పైసా పైసా కూడబెట్టి చేయించుకున్నడు. ‘గేర్ బాక్స్ కూడా పోయింది, ఇంకో ఖర్చు’ అని చెప్పిన్రట.

అదే స్కేలు, అదే ఫోన్. రాడ్ 12 మిల్లీమీటర్లు కదిలింది, 20 సెకన్లు అక్కడనే నిలబడింది. అంటే మాస్టర్, స్లేవ్, హోస్, అన్నీ బాగున్నయి. తప్పు లోపలే. ఇక్కడ గేర్ బాక్స్ దించాల్సిందే. కానీ పోయింది గేర్ బాక్స్ అని దీనర్థం కాదు. కొత్త ప్లేట్ వేసిన రోజే మొదలైందంటే ముందు ఆ పని మీదనే అనుమానం రావాలె. దించి చూస్తే ప్లేట్ తిరగేసి పెట్టి ఉంది. ప్లేట్‌కు రెండు దిక్కులు ఒక తీరుగ ఉండవు. మధ్యల ఉన్న హబ్ ఒక వైపు ఎక్కువ పొడుచుకొని వస్తది. అది ఫ్లైవీల్ వైపు పడితే బోల్టులకు తగిలి ప్లేట్ ఫ్రీ కాదు. తిప్పి పెడితే సరిపోయింది. గేర్లకు ఏం కాలేదు.

ఒకసారి దించినంక మిగతావి కూడా చూడాలె, మళ్లీ మళ్లీ దించే కూలీ మిగులుతది. ప్రెషర్ ప్లేట్ ఫింగర్లు ఒకే ఎత్తులో ఉన్నయా? ఫోర్క్ వంగిందా, పగిలిందా? ప్లేట్ షాఫ్ట్ గాడుల మీద సాఫీగా జరుగుతుందా? ఇంజన్ ఆయిల్ కారి ప్లేట్‌కు అంటిందా? క్రాంక్ చివర ఉండే పైలట్ బుష్ పట్టేసిందా? అది పట్టేస్తే ప్లేట్ వదిలినా షాఫ్ట్ తిరుగుతనే ఉంటది. పాత పెట్రోల్ అంబాసిడర్లలో రిలీజ్ బేరింగ్ గుండ్లది కాదు, కార్బన్ రింగ్. నడిపేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి పెట్టే అలవాటు ఉంటే అది తొందరగ అరుగుతది.

పాత ప్లేట్ల లైనింగ్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో కట్టి పారేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకొని బండి కిందికి ఎవరూ పోవద్దు. గట్టి స్టాండ్లు ఉండాలె, లేకపోతే ర్యాంప్ ఉన్న షెడ్డుకు పోవాలె.

ఇప్పుడు ఈ మూడు బండ్లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి రబ్బరు సీల్, ఒకదానికి తుప్పు, ఒకదానికి తిరగేసిన ప్లేట్. మూడింటికీ వచ్చిన మాట మాత్రం ఒక్కటే, అమ్మేయడమో గేర్ బాక్సో. మెకానిక్ అన్నలను తప్పు పట్టడానికి చెప్పట్లేదు. పాత బండ్లు తెలిసిన చేతులు మన ఊర్లలో ఇంకా ఉన్నయి, వాళ్ల దగ్గర నేర్చుకున్నదే నేను చెప్తున్న. కానీ బండి మీది. షెడ్డుకు పోయేటప్పుడు మూడు విషయాలు తెలుసుకొని పోండి. రోగం ఎప్పుడు, దేని తర్వాత మొదలైంది? పెడల్ కొట్టి తొక్కితే తేడా ఉందా? స్లేవ్ రాడ్, లేకపోతే కేబుల్ ఆర్మ్, ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుంది? ఆ వీడియో మెకానిక్ అన్నకు చూపియ్యండి. మంచి మెకానిక్ అయితే సంతోషపడతడు, సగం పని మీరే చేసి తెచ్చిన్రు కాబట్టి.

అప్పటిదాకా ఆ బండిని జనంలోకి తీసుకపోవద్దు. క్లచ్ వదలని బండి ఆగమన్నా ఆగదు. బలవంతంగా గేర్లు వేసుకుంట నడిపితే పండ్లు విరిగి, అప్పుడు నిజంగనే గేర్ బాక్స్ పోతది.

అమ్ముకోవాల్నా, ఉంచుకోవాల్నా మీ ఇష్టం. కాకపోతే కొలిచినంక తేల్చుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో పాత బండి బ్రేకుల గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి, నమస్తే.